మూడంగుళాలు తక్కువ

నేను ఒక రబ్బరు ముక్కను. అయిదు మూలలు, నల్లని ఒళ్ళు, కాస్త చప్పిడి ముక్కు. బేస్‌బాల్ ఆటలో నాలాంటిదాన్ని హోమ్ ప్లేట్ అంటారట. మా బండలగూడెం గని కాలనీలో అంత పెద్ద పేరు పెట్టి ఎవరూ పిలవలేదు, "ఇల్లు" అనేశారు. పరుగెత్తుకొచ్చే ఆటగాడిని చూసి జనమంతా "ఇల్లు తొక్కు! ఇల్లు తొక్కు!" అని అరిచేవారు. వాడు వచ్చి బూటుకాలితో నన్ను ఒక్క తన్ను తన్నేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. అలా తన్నులు తింటూనే రాష్ట్రస్థాయిలో ఆరు కప్పులు గెలిచిన ఘనత నాది.

ఆ ఆరింటిలో అయిదింటి దగ్గర నేను అసలు లేను. ఎక్కడో వేరే ఊళ్ళో, వేరే ప్లేటు మీద గెలిచారు. నేనున్నది ఒక్కదాని దగ్గరే. నా కథంతా ఆ ఒక్కదాని గురించే. చెప్పుకుంటే పరువు పోయే సంగతి అయినా చెబుతాను. రోజూ తొక్కించుకునేదానికి ఇంకా పరువేమిటి?

ఆట తెలియనివాళ్ళకు ముందు రెండు మాటలు. పిచర్ అనేవాడు దూరం నుంచి బంతి విసురుతాడు. ఎదుటి జట్టువాడు బ్యాటు పట్టుకుని నా పక్కన నిలబడతాడు. బంతి అతని మోకాలికీ ఛాతీకీ మధ్య ఎత్తులో, సరిగ్గా నా పైనుంచి పోతే మంచి బంతి, దాన్ని స్ట్రైక్ అంటారు. నాకు పక్కగా పోతే చెడ్డ బంతి, దానికి అంపైరు "బాల్" అని ఊరుకుంటాడు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటువాడు ఔటు. నాలుగు చెడ్డ బంతులు పడితే వాడు ఏమీ కొట్టకుండానే మొదటి మజిలీకి నడిచి వెళ్ళవచ్చు. మూడు మజిలీలూ దాటి నన్ను తొక్కితే ఒక పరుగు. అంటే, బంతి మంచిదో చెడ్డదో తేల్చేది నా ఒంటి వెడల్పు. పడుకుని చేసే ఉద్యోగాల్లో ఇంత అధికారం ఉన్నది ఇంకొకటి ఉంటుందనుకోను.

పుట్టుకతో నేను ఆటవస్తువును కాను. గనిలో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టులో భాగాన్ని. ఏడేళ్ళు రోలర్ల మీద పోయాను, వచ్చాను. పోయేటప్పుడు బొగ్గుతో, వచ్చేటప్పుడు ఖాళీగా. దేశంలో దీపాలు వెలుగుతున్నాయంటే నా చలవేనని గట్టి నమ్మకం ఉండేది. ఒకరోజు బెల్టు అంచులు చిరిగాయని కోసి వర్క్‌షాప్ వెనక పారేశారు. ఆ సాయంత్రం కాలనీలో దీపాలన్నీ మామూలుగానే వెలిగాయి.

వర్క్‌షాప్‌లో సిలువేరు కొమరయ్య అని బెల్టు ఫిట్టర్ ఉండేవాడు. పొట్టి మనిషి, మాట తక్కువ. అతని దగ్గర ఒక ఇనుప టేపు ఉండేది. ఎప్పుడో రోలరులో ఇరుక్కుని దాని మొదటి మూడంగుళాలు తెగిపోయాయి. కొత్త టేపు కోసం రాసిన కాగితం ఏ ఆఫీసు బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. అందుకని ఆ వర్క్‌షాప్‌లో ఒక అలవాటు స్థిరపడింది. ఏది కొలిచినా మూడు కలుపుకోవాలి. పదడుగుల పట్టా కావాలంటే టేపు మీద పదడుగుల మూడంగుళాల దగ్గర గీసేవారు. కొత్తగా చేరినవాడికి మొదటి రోజు చెప్పే మొదటి పాఠం అదే. ఆ పాఠం వర్క్‌షాప్ గోడ దాటి బయటికి పోలేదు.

1985లో కాలనీ హైస్కూలు డ్రిల్ మాస్టారు మేకల వరదరాజు సార్ హైదరాబాదులో పదిహేను రోజుల శిక్షణకు వెళ్ళి, ఒక బ్యాటు, రెండు గ్లౌజులు, ఒక రూల్ పుస్తకం, మాటిమాటికీ "అక్కడ నేర్పిందట్ల గాదు" అనే అలవాటు పట్టుకుని తిరిగొచ్చాడు. కాలనీ కుర్రకారుతో బేస్‌బాల్ జట్టు కడతానన్నాడు. పుస్తకం చంకన పెట్టుకుని వర్క్‌షాప్‌కు వచ్చాడు. చెత్తకుప్పలో నన్ను చూసి కళ్ళు మెరిశాయి.

"కొమరయ్యా, ఇగో బొమ్మ. వెడల్పు పదిహేడు అంగుళాలు. ఐదు మూలలు రావాలె. ఇప్పుడే గావాలె."

"కోస్త సార్. అటు బెల్టు జాయింటు ఊడిందట, ఒక్క పావుగంటల వస్త."

వరదరాజు సార్‌కు పావుగంట ఆగే ఓపికే ఉంటే డ్రిల్ మాస్టారు అయ్యేవాడు కాడు. కొమరయ్య అటు వెళ్ళగానే బల్ల మీది టేపు అందుకుని, సుద్దముక్కతో తానే నా మీద గీతలు గీశాడు. తెగిన కొసను నా అంచుకు ఆనించాడు. ఆ కొస మీద ఉన్న అంకె మూడు అని చూడలేదు. మనుషులు ఎక్కడిదాకా వచ్చామన్నదే చూస్తారు కానీ, ఎక్కడ మొదలుపెట్టామో చూడరు. పదిహేడు దగ్గర గీత పడింది. నా వెడల్పు నికరంగా పద్నాలుగు తేలింది. మిగతా భుజాలూ మూడేసి అంగుళాలు తగ్గాయి, కోసుగా రావలసిన ముక్కు చప్పిడిదయింది.

కొమరయ్య తిరిగొచ్చి కత్తి పట్టుకుని నా మీదికి వంగాడు. గీతలు చూశాడు. టేపు చూశాడు. సార్ ముఖం చూశాడు. తర్వాత సార్ గీసిన గీత వెంట, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఎంతో శ్రద్ధగా తప్పు కోశాడు.

గ్రౌండులో నన్ను మట్టిలో సమంగా పాతిపెట్టారు. ఒక కుర్రాడు పుస్తకంలో బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసి, "సార్, బొమ్మల ముక్కు కోసుగున్నది, దీని ముక్కేంది గిట్లున్నది?" అన్నాడు. "రబ్బరు గదరా, ఎండకు సాగుతది" అన్నాడు సార్. సాగితే పెద్దదవ్వాలి కదా అని నేనూ అనుకున్నాను, కానీ నన్నెవరు అడుగుతారు?

మా పిచర్ పేరు గట్టు పోశం. మొదటి షిఫ్టు దిగి, ముఖం మీద బొగ్గు కడుక్కోకుండానే గ్రౌండుకు వచ్చేవాడు. మొదటి మూడు నెలలు వాడు విసిరిన బంతుల్లో సగానికి పైగా నా పక్కనుంచే పోయాయి. "అక్కడ నేర్పిందట్ల గాదురా!" అని సార్ విజిల్ నోట్లో పెట్టుకునే తిట్టేవాడు, తిట్లన్నీ విజిల్‌లోంచి వచ్చేవి. పోశం ఏడుపు ముఖంతో విసిరాడు, విసిరాడు, ఏడాదిలోపల నా పద్నాలుగు అంగుళాల మీదుగా దారం లాగినట్టు బంతి పంపడం నేర్చుకున్నాడు. కొట్టేవాడు బంతి కోసం వంగేలోపే అది వెనక గ్లౌజులో ఉండేది. ఇంకా మంచి గురి కోసం కష్టపడుతున్నాననుకున్నాడు తప్ప, మూడంగుళాలు లేని ఇంటికి దారి వెతుక్కుంటున్నానని పాపం వాడికేం తెలుసు.

1986లో రాష్ట్ర చాంపియన్‌షిప్ మా గ్రౌండులోనే జరిగింది. గ్రౌండు ఎవరిదైతే ప్లేటు వాళ్ళదే. కొలిచి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్ళలో చాలామంది అంతకుముందు హోమ్ ప్లేటును పుస్తకంలోనే చూశారు. ఫైనల్ రోజు పొద్దున కాలనీ ఆడవాళ్ళు వచ్చి, దసరాకు మిషన్లకు చేసినట్టే నాకు పసుపు రాసి, అయిదు మూలలా కుంకుమ పెట్టి, నా మీద కొబ్బరికాయ కొట్టారు. అంపైరు బ్రష్షు తీసి కొబ్బరి నీళ్ళూ పసుపూ తుడవడానికి పది నిమిషాలు పట్టింది. నా జీవితంలో నాకు జరిగిన సన్మానం అదొక్కటే. అందుకే ఆ రోజు నేను ఒళ్ళు మరిచి ఉన్నాను.

ఎదుటి జట్టు జక్రాన్‌పురం. వాళ్ళ పిచర్ లింబాద్రి, పంతొమ్మిదేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. బంతి విసిరే ముందు కుడిచేతి వేళ్ళను ఒకసారి ఊదుకునేవాడు. నిజం చెప్పాలంటే పోశం కంటే వాడే మంచి పిచర్. కానీ ఆ రోజు వాడి బంతులు నా అంచుకు చిటికెనవేలంత దూరంలో పోతూ వచ్చాయి. ఒక్కొక్క "బాల్"కూ వాడి ముఖంలో రంగు కొంచెం కొంచెం తగ్గింది.

చివరి ఇన్నింగ్సుకు స్కోరు నాలుగుకు నాలుగు. మా వంతు బ్యాటింగు. మూడు మజిలీల్లోనూ మావాళ్ళున్నారు, మూడో మజిలీలో పోశం. మావాళ్ళిద్దరు ఔటైపోయారు, మూడోవాడూ ఔటైతే మా వంతు అయిపోతుంది. బ్యాటు పట్టినవాడు మొగిలి. రెండు స్ట్రైకులు, మూడు చెడ్డ బంతులు పడ్డాయి. తర్వాతి బంతి మంచిదైతే మొగిలి ఔటు, స్కోరు సమానం, ఆట ఇంకా సాగుతుంది. చెడ్డదైతే మొగిలి మొదటి మజిలీకి నడుస్తాడు, మిగతావాళ్ళు తలా ఒక మజిలీ జరుగుతారు, పోశం వచ్చి నన్ను తొక్కుతాడు, కప్పు మాది.

లింబాద్రి వేళ్ళు ఊదుకుని విసిరాడు. మొగిలి కదల్లేదు. బంతి నా ఎడమ అంచు పక్కనుంచి, అంగుళం దూరంలో, చక్కని ఎత్తులో పోయింది. అంపైరు వంగి నా అంచు చూశాడు.

"బాల్!"

పోశం వచ్చి ఎగిరి రెండు కాళ్ళతో నా మీద దూకాడు. కాలనీ మొత్తం గ్రౌండులోకి వచ్చేసింది. ఆ గోలలో లింబాద్రి మెల్లగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, గొంతుక్కూచుని, బంతి పోయినచోట నా అంచు మీద అరచెయ్యి పెట్టాడు.

"సార్, అంచు మీదికెళ్ళే పోయింది గద సార్," అన్నాడు అంపైరుతో.

"అంగుళం బయటికి పోయింది తమ్మీ. నేను కండ్లార చూసిన."

అంపైరు అబద్ధం చెప్పలేదు. బంతీ తప్పు పోలేదు. తప్పు నాది. నాకు ఎడమ పక్క ఒకటిన్నర, కుడిపక్క ఒకటిన్నర అంగుళాలు ఉండవలసినచోట ఉత్త మట్టి ఉంది. ఆ మట్టి మీదనే లింబాద్రి వేళ్ళు ఉన్నాయి. నేను మాత్రం పసుపు కుంకుమలతో, గెలిచిన ఇంటినన్న గీరతో, పడుకుని ఉన్నాను.

ఆ తర్వాత 88, 89, 91లో కూడా మావాళ్ళు కప్పులు తెచ్చారు. అన్నీ బయటి ఊళ్ళలోనే. అక్కడ నిఖార్సయిన పదిహేడంగుళాల ప్లేట్లుండేవి. పద్నాలుగు మీద ఏళ్ళ తరబడి చెయ్యి తిప్పిన పోశానికి అవి బజారంత వెడల్పుగా కనిపించేవి. "అక్కడి ఇల్లు మస్తు పెద్దగున్నది సార్, కండ్లు మూసుకోని ఏసినా పడ్తది," అనేవాడు. "అది కాన్ఫిడెన్సు రా. అది ఉంటే అన్నీ పెద్దగనే కనబడ్తయి," అనేవాడు సార్. బడి గోడ మీద నల్లరంగు పూసి, గెలిచిన సంవత్సరాలు తెల్ల అక్షరాలతో రాయించాడు. జిల్లా పేపర్లో "బండలగూడెం గురి" అని హెడ్డింగు పడింది. ఆ గురి నాదేనని నేనూ అనుకున్నాను. నిజానికి నా లోపమే వాళ్ళకు గురువయింది. చాలా ఇళ్ళలో జరిగేదే అయినా, ఎవరూ గోడ మీద రాసుకోరు.

93లో పట్నం నుంచి అసలైన తెల్లప్లేటు కొనుక్కొచ్చారు. నన్ను పెకిలించారు. కొమరయ్య నన్ను క్వార్టరుకు తీసుకుపోయి కుళాయి దగ్గర, బట్టలుతికేచోట కాలు జారకుండా వేశాడు. రాష్ట్ర చాంపియన్ చీరల సబ్బునురగలో ఇరవై ఏళ్ళు గడిపింది. అక్కడ కూడా పడుకునే ఉద్యోగమే, కాకపోతే అంపైరు లేడు.

తెల్లప్లేటు వచ్చాక జట్టు ఓడడం మొదలుపెట్టింది. వరదరాజు సార్ కేబుల్ టీవీ వల్ల అన్నాడు. తర్వాత జుట్టు పెంచడం వల్ల అన్నాడు. పోశానికి భుజం పట్టేసింది, కొత్త కుర్రాళ్ళకు పదిహేడంగుళాలే అలవాటు. ఓడినందుకు కారణం దొరకలేదు, గెలిచినందుకు కారణమూ ఎవరికీ తెలియదు కదా. సార్ రిటైరయ్యాడు. ఎండకు తెల్లప్లేటు పెళుసెక్కి రెండు చెక్కలైంది. గ్రౌండులో లారీలు నిలపడం మొదలైంది. గోడ మీది సంవత్సరాలు వెలిసిపోయాయి.

కొమరయ్య మనవరాలు రవళి పుణ్యమా అని నేను మళ్ళీ వెలుగులోకి వచ్చాను. పన్నెండేళ్ళ ఆ పిల్ల నన్ను ప్రహరీకి ఆనించి నిలబెట్టి రబ్బరు బంతితో కొట్టేది. రోజుకు రెండు వందలసార్లు. నానమ్మ ఉతికే బట్టలు మట్టి నీళ్ళలో పడుతున్నాయని తిట్టేది. ఒకనాడు బడికి కొత్తగా బదిలీ అయి వచ్చిన డ్రిల్ మాస్టారు ఆ దారిన పోతూ ఆగాడు. సన్నగా పొడుగ్గా, నెరిసిన జుట్టుతో ఉన్నాడు. ముందు పిల్ల గురి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. దగ్గరికి వచ్చి గొంతుక్కూచుని నా ఎడమ అంచు మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి నాకు వెంటనే గుర్తొచ్చింది.

"దీన్ని నేనెరుగుదు బిడ్డా," అన్నాడు లింబాద్రి.

ఓడిన చోటికే పంతులై వచ్చాడు. అడిగి తెచ్చుకున్న బదిలీయా, పడిన బదిలీయా అన్నది ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్లల జట్టు కట్టాడు. నన్ను మళ్ళీ గ్రౌండులో పాతాడు. పాతేముందు సబ్బు మరకలు తానే కడిగాడు. నన్ను కొలవలేదు. తనను ఓడించిన ప్లేటు తప్పయి ఉంటుందని అనుకోవడానికి ఆ మనిషికి మనసొప్పలేదు, తప్పు తనదేనని పాతికేళ్ళకు పైగా కష్టపడి నమ్మాడు మరి.

కొత్త పిల్లలు చేరిన ప్రతిసారీ వాళ్ళను నా చుట్టూ కూచోబెట్టి అదే కథ చెప్పేవాడు. "చెయ్యి గాదు, గుండె ముఖ్యం. ఆ రోజు నాకు గుండె వణికింది. చివరి బంతికి చెయ్యి జారింది. అటెన్క నేను బంతి పట్టలే. మీరు మాత్రం వణకొద్దు." పిల్లలు జాలిగా చూసేవారు. మట్టిలో పాతిపెట్టినదాన్ని కనుక సరిపోయింది కానీ, లేకపోతే అక్కడే సిగ్గుతో చచ్చి భూమిలోకి పోవలసి వచ్చేది.

2014లో, 15లో మా పిల్లలు బయటి ఊళ్ళకు వెళ్ళి రెండు కప్పులు తెచ్చారు. పిచర్ రవళి. "అక్కడి ఇల్లు పెద్దగున్నది సార్" అందా పిల్ల. "తెల్లగుంటది గద, తెల్లది పెద్దగ కనబడ్తది" అన్నాడు లింబాద్రి. వరదరాజు సార్ కాన్ఫిడెన్సు అన్నాడు, ఈయన రంగు అన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే.

2016 పోటీలు మళ్ళీ మా గ్రౌండుకు వచ్చాయి. ఈసారి అసోసియేషన్‌వాళ్ళు కొత్త తెల్లప్లేటు పెట్టెలో పంపారు. రవళి దాన్ని విప్పి నేల మీద పెట్టింది. ఏం తోచిందో, నన్ను పెకిలించి తెచ్చి దాని మీద పెట్టింది. నాకు రెండు పక్కలా తెల్లని పట్టీలు కనిపించాయి.

"సార్, మనది చిన్నగున్నది సార్."

లింబాద్రి నవ్వుతూ వచ్చాడు. నా దగ్గరికి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. బడి నుంచి టేపు తెప్పించాడు. తెల్లదాన్ని కొలిచాడు, పదిహేడు. నన్ను కొలిచాడు, పద్నాలుగు. మళ్ళీ కొలిచాడు. టేపు అలాగే నేల మీద వదిలేసి, నడిచి వెళ్ళి, పిచర్ నిలబడే చోట కూలబడ్డాడు. పిల్లలకు ఏమీ అర్థం కాలేదు. రవళి మాత్రం పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళి తాతను తీసుకొచ్చింది.

కొమరయ్య అప్పటికి దగ్గుతో సగమయ్యాడు. తెల్లప్లేటు మీద నన్ను చూసి, దూరంగా కూచున్న లింబాద్రిని చూసి, సంగతి గ్రహించాడు. రవళిని మళ్ళీ పంపించాడు, ముందు ఇంట్లో ఉన్న తన గుడ్డమూట కోసం, తర్వాత వరదరాజు సార్ ఇంటికి. సార్ డెబ్బై మూడేళ్ళ వయసులో చేతికర్ర ఊపుకుంటూ, మెడలో విజిల్‌తో సహా వచ్చాడు.

"తప్పేంది? ఎవడన్నడు తప్పని? పదిహేడు అంగుళాలు నా చేత్తోటి నేనే గీసిన!"

కొమరయ్య లుంగీ మడతలోంచి ఆ గుడ్డమూట తీసి విప్పాడు. అందులో ఆ పాత టేపు ఉంది. రిటైరైన రోజు వర్క్‌షాప్‌వాళ్ళు గుర్తుగా ఇచ్చారట. సార్ దాన్ని లాక్కుని నా మీద పరిచి, కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు.

"ఇగో! పదిహేడు! చూసుకోండి అందరు!"

కొమరయ్య వంగి, టేపు రెండో కొస మీద బొటనవేలు పెట్టాడు. సార్ చూశాడు. ఆ కొస మూడు నుంచి మొదలవుతోంది.

గని సైరను మోగి ఆగింది.

"నీకు ఎరుకనా?" అన్నాడు సార్.

"ఎరుకనే సార్."

"మరి అప్పుడే చెప్పకపోతివేంది?"

"మీరు సార్ గద సార్. మీరు గీసిన గీతను నేను తప్పంటనా? పైగ ఇద్దరికీ అదే ప్లేటు, చిన్నగున్నా పెద్దగున్నా సమానమే అనుకున్న."

"తప్పని అనాలె గదరా కొమరయ్యా! సార్‌నైతే ఏంది, తప్పని మొకం మీద అనాలె గదరా!" అన్నాడు సార్. తర్వాత కర్ర పక్కన పడేసి లింబాద్రి వైపు నడిచాడు. క్షమించమని అడుగుతాడేమోననుకున్నాను. వరదరాజు సార్‌కు ఆ విద్య రాదు.

"లెవ్వు," అన్నాడు. "లేచి ఆ రోజు చివరి బంతి మళ్ళ ఎయ్యి."

"సార్, ముప్పై ఏండ్లాయె నేను బంతేసి."

"ఎయ్యమంటున్న గదా!"

తెల్లప్లేటు మీద నన్ను అలాగే ఉంచారు. రవళి గ్లౌజు వేసుకుని వెనక కూచుంది. ఆ పిల్ల వెనక సార్ అంపైరులా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. అలా వంగడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. లింబాద్రి వేళ్ళు ఊదుకున్నాడు. మొదటి బంతి మా అందరి తలల మీదుగా లారీల వైపు పోయింది. పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండోది మధ్యలోనే నేలకు తగిలి దొర్లుకుంటూ వచ్చింది. మూడోది విసిరేముందు అతను చాలాసేపు నా ఎడమ అంచు వైపు చూశాడు.

నా జీవితంలో ఎన్ని వేల బంతులు నా మీదుగా పోయాయో లెక్కలేదు. ఒక బంతి నా పక్కగా పోవాలని నేను కోరుకున్నది అదొక్కసారే. పోయింది. నన్ను తాకకుండా, నా ఎడమ అంచుకు అంగుళం దూరంలో, ఆ తెల్లపట్టీ మీదుగా, చక్కని ఎత్తులో వెళ్ళి రవళి గ్లౌజులో టప్పుమని పడింది.

సార్ నిటారుగా లేచి కుడిచెయ్యి ఎత్తాడు.

"స్ట్రైక్!"

ఆ అరుపుకు గ్రౌండు చివర నిలిపిన లారీ డ్రైవర్లు కూడా తిరిగి చూశారు. లింబాద్రి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని దించి, అది తన చెయ్యేనా అన్నట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత పిల్లలందరి ముందూ, ఏమాత్రం దాచుకోకుండా, ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ రబ్బరుకు ఆ సౌకర్యం లేదు.

"చెయ్యి జారలేదు సార్," అన్నాడు చివరికి.

"జారలే. నీది స్ట్రైకే. ఆట నాలుగు నాలుగు తోటి నడుస్తుండె. అటెన్క ఎవరు గెలుస్తురో ఎవనికెరుక?" అన్నాడు సార్.

మర్నాడు సార్ స్టూలెక్కి, రవళి చేత రంగు డబ్బా పట్టించుకుని, బడి గోడ మీద 1986 పక్కన రాసిన "బండలగూడెం" అన్న పేరు తర్వాత "జక్రాన్‌పురం" అని కలిపి రాశాడు. అసోసియేషన్ వాళ్ళ కాగితాల్లో ఏముందో ఆయన పట్టించుకోలేదు. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఈసారి టేపుతో కొలవలేదు మరి.

ఇప్పుడు మ్యాచులు తెల్లప్లేటు మీద ఆడతారు. ప్రాక్టీసు మాత్రం నా మీదే చేస్తారు. తెలిసి చేస్తే అది తప్పు కాదు, సాధన అని లింబాద్రి తేల్చాడు. కొత్త పిల్లలకు కథ ఇంకా చెబుతాడు కానీ, గుండె వణికిన భాగం తీసేసి, ఆ స్థానంలో టేపు భాగం పెట్టాడు. చెప్పడం అయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి, "సార్ గీసిన గీతైనా సరే, తప్పుంటే ఏమనాలె?" అని అడుగుతాడు. "తప్పనాలె సార్!" అని వాళ్ళంతా అరుస్తారు. కొమరయ్య బతికున్నన్నాళ్ళూ ఆ అరుపు వినడానికి సాయంత్రం వచ్చి, చెట్టు కింద కాకుండా కావాలనే నా పక్కన ఎండలో కూచునేవాడు.

మొదట్లో నాకు ఆరు కప్పులన్నాను కదా. అయిదున్నర అని సరిచేసుకోండి.